మాట వినే మిషను

1960కి కాస్త ముందు. సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం. గది నిండా పరుచుకున్న ‘డ్యూస్’ కంప్యూటర్ ముందు ఇరవై రెండేళ్ల సివిల్ ఇంజినీరు నిలబడ్డాడు. చేతిలో చిల్లులు పొడిచిన కార్డుల కట్ట. ఒక్క చిల్లు పక్కకు జరిగిందా, లెక్కంతా మళ్లీ మొదటికి. యంత్రం లోపల 1,450 వాల్వులు సెగలు కక్కుతున్నాయి. దాని ప్రధాన జ్ఞాపకం పాదరసంలో. గొట్టాల్లో నింపిన ఆ పాదరసంలో ధ్వని తరంగాలు ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతున్నంతసేపే అంకెలు నిలుస్తాయి. చప్పుడు ఆగితే అంకె గల్లంతే.

చప్పుడును దాచుకోగల ఆ యంత్రానికి మనిషి చెప్పే మాట మాత్రం వినబడదు. ఆ సంగతి చూడబోయేది ఈ కుర్రాడే. పేరు దబ్బాల రాజగోపాల్ రెడ్డి. లోకానికి రాజ్ రెడ్డి.

పుట్టింది 1937లో, అప్పటి చిత్తూరు జిల్లా శ్రీకాళహస్తి వైపు కాటూరులో. రైతు కుటుంబం. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. ఆ ప్రాంతం పిల్లలకు పట్నమంటే మద్రాసే కదా, గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి 1958లో పట్టా పుచ్చుకున్నాడు. అప్పటికి తిరుత్తణి కూడా చిత్తూరు జిల్లాలోదే. 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు ఇటు వచ్చింది.

తిరుత్తణి అంటే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, సెప్టెంబర్ 5 ఉపాధ్యాయ దినం. 15న విశ్వేశ్వరయ్య గారి పేర ఇంజినీర్ల దినం. మధ్యలో 13న ప్రోగ్రామర్ల దినం వస్తుంది, మనవాళ్లకు అంతగా పట్టదు. ఎనిమిది బిట్లతో 256 విలువలు రాయొచ్చు కాబట్టి ఏడాదిలో 256వ రోజును ఎంచుకున్నారు. లీపు సంవత్సరమైతే 12నే వస్తుంది. రష్యా 2009లో దీన్ని అధికారికం చేసింది. మూడు రోజులకూ ఒకే మనిషికి దండ వెయ్యాలంటే నా ఓటు రాజ్ రెడ్డి గారికే.

సిడ్నీలో చదువయ్యాక అక్కడే ఐబీఎంలో కొలువు, తర్వాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్. గురువు జాన్ మెకార్తీ, ‘కృత్రిమ మేధ’కు ఆ పేరు పెట్టిన పెద్దమనిషి. రాజ్ రెడ్డి మైకులోంచి వచ్చే ధ్వనిని అంకెలుగా మార్చి, ఆ తరంగాన్ని కోసి చూస్తూ కూర్చున్నారు. 1966లో డాక్టరేట్ దానిమీదే. 1969లో కార్నెగీ మెలన్ చేరారు.

అక్కడ 1973లో ‘హియర్‌సే’ అనే ప్రోగ్రామ్ చదరంగం ఆడింది. ఎదుటి మనిషి పావును చేత్తో జరపడు, ఎత్తును నోటితో చెబుతాడు. మిషను వినాలి. మనం మాట్లాడేటప్పుడు పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉందనుకుంటాం. తరంగాన్ని చూస్తే ఆ ఖాళీ ఉండదు, అన్నీ అతుక్కునే వస్తాయి. ‘త్రీ’ అన్నాడా, ‘ఫ్రీ’ అన్నాడా? చెవి ఒక్కటే తేల్చలేదు. అందుకని రాజ్ రెడ్డి బృందం చెవి పక్కనే మరో ఇద్దరు సాక్షులను కూర్చోబెట్టింది. ఒకరు వ్యాకరణం చూస్తారు, ఇంకొకరు బల్లనే చూస్తారు. ఈ స్థితిలో బిషప్ ఆ గడికి పోలేదు, కాబట్టి ఆ మాట అతను అని ఉండడు, కొట్టెయ్! విన్నదాంట్లో సగం మసకగా ఉన్నా, సందర్భం తెలిస్తే మిగతా సగం తేలిపోతుంది. నా దృష్టిలో ఆయన కోడింగ్ అంతటికీ ఆయువుపట్టు ఇదే.

ఆ తర్వాతంతా వేగమే. 1976లో అక్కడే తయారైన ‘హార్పీ’ 1,011 మాటలు గుర్తుపట్టింది. శిష్యుల్లో జేమ్స్ బేకర్ డ్రాగన్ కంపెనీ పెట్టారు, కై-ఫు లీ మాట గుర్తుపట్టే ‘స్ఫింక్స్’ కట్టారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి రాజ్ రెడ్డికి ట్యూరింగ్ అవార్డు. సిడ్నీలో ఆయన ముందు నిలిచిన డ్యూస్, ఆ అవార్డుకు పేరిచ్చిన ట్యూరింగ్ రూపకల్పన చేసిన ‘ఏస్’ సంతతిదే. నవలలో రాస్తే ఎడిటర్ కొట్టేసే కాకతాళీయం.

చదువు రానివాళ్లకూ కంప్యూటర్ అందాలని ఆయన పట్టుబట్టింది ఎందుకో తెలియాలంటే సరిహద్దుకు అవతల, తమిళనాడులోని పూండి వైపు రావాలి. కుశస్థలి ఏటికి అడ్డంగా 1944లో కట్టిన జలాశయం, 1996 నుంచి కండలేరు మీదుగా కృష్ణమ్మ వచ్చి చేరే చోటు. ఆ నీళ్లు చెన్నై కుళాయిలకు పోతాయి. పక్క ఊళ్లో అవ్వ కయ్యకు చెరువు నీళ్లే గతి. ఇంట్లో మాట్లాడేది తెలుగు. అవ్వకు ఏ అక్షరమూ రాదు, మనవడు బడిలో నేర్చింది అరవం. సత్యవేడులో ఉన్న తమ్ముడికి కబురు పంపాలి.

“అవ్వా, దీంట్లో పలుకు. అదే రాసుకుంటాది” అన్నాడు మనవడు మైకు గుర్తు నొక్కి.

“చెరువులో నీళ్లు ఇడిసినారు. రేపు పొద్దన్నే మడవ తిప్పాల. రా.”

తెలుగు అక్షరాలు టకటకా పడ్డాయి. సరిగా పడ్డాయో లేదో చూసే దిక్కు ఇంట్లో లేదు. పంపేశారు. కాసేపటికి సత్యవేడు నుంచే ఫోను మోగింది.

“అక్కా, మడమ తిప్పేదేంది? కాలు బెణికిండాదా?”

వార్తల్లో, సభల్లో నలిగిన తెలుగు వింటూ పెరిగిన ఫోనుకు మడమ తిప్పడమే తెలుసు. హియర్‌సేకు చదరంగం బల్ల తెలుసు. దీనికి అవ్వ కయ్యా, అందులోకి నీళ్లు మళ్లించే మడవా తెలియవు.

“కాలు కాదురా, కయ్య! మడవ, మడవ!” అని అవ్వ అరిచింది. “పార తెచ్చుకోని రా. వస్తావా, కూలోణ్ని పిలుచుకోమంటావా?”