వేట-సేకరణ, తొలి వ్యవసాయ సమాజాలు: శ్రమ, మనుగడ

దాదాపు 11,000 ఏళ్ళ కిందట పశ్చిమాసియాలో గోధుమ, యవల సాగు మొదలైంది. అంతకుముందు మనుషులంతా వేటాడి, చేపలు పట్టి, దుంపలూ కాయలూ ఏరుకుని బతికినవాళ్ళే. సాగుతో మనిషికి తీరిక దొరికిందనీ, ఆయుష్షు పెరిగిందనీ చాలాకాలం అనుకునేవారు. 1960ల నుంచి దొరికిన ఆధారాలు ఈ నమ్మకాన్ని నిలవనివ్వలేదు. ఒక ఎకరం ఎంతమందిని పోషించగలదన్న లెక్కలో వ్యవసాయం వేటను మించిపోయింది. గంట కష్టానికి ఎంత తిండి దొరుకుతుంది, పుట్టిన బిడ్డ ఎన్నాళ్ళు బతుకుతుంది అన్న లెక్కల్లో మాత్రం తొలి రైతులకు చాలాచోట్ల నష్టమే మిగిలింది.

శ్రమ విషయంలో చర్చకు తెర తీసినవాడు మానవశాస్త్రవేత్త రిచర్డ్ లీ. ఆఫ్రికాలో కలహారి ప్రాంతపు కుంగ్ ప్రజలు తిండి సంపాదనకు వారానికి సగటున రెండున్నర రోజులు మాత్రమే వెచ్చిస్తున్నారని 1964లో లెక్కగట్టాడు. దీని ఆధారంగానే మరో మానవశాస్త్రవేత్త మార్షల్ సాలిన్స్ వేటగాళ్ళది తొలి సంపన్న సమాజమని వాదించాడు. లీ లెక్క కొద్ది వారాలదేననీ, గింజలు పగలగొట్టడం, వండటం, పనిముట్లు చేసుకోవడం అందులో లేవనీ విమర్శకులు పట్టుకున్నారు. ఆ విమర్శ సరైనదే. ఇంటి చాకిరీ కూడా కలిపితే లీ గణాంకాలే వారానికి నలభై గంటలు దాటుతాయి. అయితే అదే కొలత రైతుకూ వర్తించాలి. దంపుడు, నూరుడు, నీళ్ళు మోయడం పొలం పనికి అదనం. ఫిలిప్పీన్స్‌లోని అగ్టా ప్రజల్లో కొందరు వేట-సేకరణ మీద, కొందరు ఎక్కువగా సాగు మీద బతుకుతారు. నేల, జాతి ఒకటే కాబట్టి పోలిక నికరంగా ఉంటుంది. 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం సాగువైపు మళ్ళినవారు వారానికి సుమారు పది గంటలు ఎక్కువ పనిచేస్తున్నారు. సాగు ఎక్కువగా ఉన్న చోట్ల ఆడవాళ్ళకు దొరికే తీరిక సగానికి పడిపోయింది.

మనుగడ సంగతి ఇంకా చిక్కైనది. వేట-సేకరణ సమాజాల జనాభా వివరాలను పరిశోధకులు గర్వెన్, కప్లాన్ 2007లో క్రోడీకరించారు. వాటిలో పుట్టినవారిలో దాదాపు నలభై శాతం పదిహేనేళ్ళు నిండకముందే పోతారు. ఆ గండం దాటి పెద్దవాళ్ళైనవారిలో మరణాలు ఎక్కువగా కనిపించేది డెబ్బై ఏళ్ళ ప్రాయంలో. కనుక అడవి స్వర్గమూ కాదు, పెద్దవాళ్ళందరూ ముప్ఫైకే రాలిపోయే చోటూ కాదు. ఇక రైతుల సంగతి ఎముకలు చెబుతాయి. సిరియాలోని అబు హురేరాలో మోకాళ్ళూని గింజలు నూరడం వల్ల స్త్రీల కాలి వేళ్ళు, మోకాళ్ళు, నడుము అరిగిపోయాయి. అమెరికాలోని డిక్సన్ మౌండ్స్‌లో మొక్కజొన్న సాగు పెరిగాక పంటి పింగాణిలో లోపాలూ, రక్తహీనత గుర్తులూ పెరిగాయి. ఎముకపై జబ్బు గుర్తు పడాలంటే ఆ మనిషి జబ్బుతో కొంతకాలం బతికి ఉండాలి, కాబట్టి గుర్తులు ఎక్కువ కావడం బలానికే సూచన కావచ్చని 1992లో ఒక అభ్యంతరం వచ్చింది. ఎముకలొక్కటే ఆధారమైతే ఈ మాట వాదనను కూల్చేదే. కానీ స్థిరపడిన అగ్టా కుటుంబాల్లో పిల్లల చావులు ఎక్కువని బతికున్నవాళ్ళ లెక్కలే చెబుతున్నాయి.

అంత నష్టమైతే సాగును ఎందుకు పట్టుకున్నారన్నది చివరి ప్రశ్న. జవాబు కూడా అగ్టాలలోనే ఉంది: స్థిరపడిన కుటుంబాల్లో పిల్లలు ఎక్కువగా చనిపోయినా, కాన్పులు ఇంకా ఎక్కువ కాబట్టి మిగిలే సంతానమూ ఎక్కువే. చంకబిడ్డతో దూరాలు నడవాల్సిన కుంగ్ తల్లికి కాన్పుకీ కాన్పుకీ మధ్య సుమారు నాలుగేళ్ళు పట్టేది. ఒకచోట నిలబడ్డ కుటుంబానికి ఆ కట్టడి సడలింది. జనం పెరిగాక పాత వేటభూములు అందరికీ చాలవు, వెనక్కి మళ్ళే దారి మూసుకుపోతుంది. కాబట్టి సాగు వ్యాపించిందంటే అది బతుకును తేలిక చేసిందని రుజువైనట్టు కాదు. ఒక్కో మనిషి సుఖం తగ్గినా సమూహం పెరగగలదని మాత్రమే ఆ వ్యాప్తి నిరూపిస్తుంది.