ఎన్ని కుట్లు పడ్డాయి?

ఎవరికైనా దెబ్బ తగిలిందంటే పరామర్శకి వచ్చినవాళ్ళు మొదట అడిగేది "ఎన్ని కుట్లు పడ్డాయి?" అని. దేంతో తెగింది, ఎంత లోతు తెగింది అని కాదు. మూడంటే "పోన్లే, చిన్నదే" అంటారు. పన్నెండంటే నోటి మీద చెయ్యి పెట్టుకుంటారు. అసలు కుట్లే వెయ్యలేదంటే మాత్రం ఆ డాక్టరు మీద అనుమానం. క్యాజువాలిటీ డ్యూటీల్లో ముప్ఫై ఏళ్ళు గడిపినవాణ్ణి కాబట్టి ఈ లెక్క నాకు బాగా అలవాటే. ఒకప్పుడు నేనూ గాయాన్ని కుట్లతోనే కొలిచేవాణ్ణి.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పటి మాట. నాట్ల రోజులు. డెల్టా పల్లె నుంచి ఒక రైతుని రాత్రి ఏడున్నరకి తీసుకొచ్చారు. కాలవ గట్టు చెక్కుతుంటే పార జారి పాదం మీద పడింది. నాలుగంగుళాల గాటు. అందులో బురద, బురద మీద పసుపు, పసుపు మీద కాఫీ పొడి, వాటన్నిటి మీదా ఓ పాత పంచె ముక్క. ఎప్పుడు తగిలిందని అడిగితే మూడింటికన్నారు. "ఆరు గంటల్లోపు వస్తే కుట్టొచ్చు" అని పుస్తకంలో చదివిన ముక్క గుర్తొచ్చింది. కడిగాను, కొంచెం తటపటాయించాను. ఆయన భార్య, "కుట్లెయ్యి బాబూ, నోరు తెరుచుకున్న పుండుతో ఇంటికెట్టా తీసకపోయేది?" అంది. తొమ్మిది కుట్లు వేశాను. నల్ల సిల్కు దారం, ముళ్ళన్నీ ఒకే వరసలో. సిస్టరు కూడా మెచ్చుకుంది.

మూడో రోజు ఆయన్ని మళ్ళీ మోసుకొచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, పాదం ఉబ్బిపోయింది. మా అసిస్టెంటు గారు ఒక్క మాట కూడా అనకుండా కత్తెర నా చేతికిచ్చారు. నేను వేసిన తొమ్మిది కుట్లూ నేనే విప్పాను. చీము ఒకటే ధార. పాదం దక్కింది గానీ రెండు వేళ్ళు తీసెయ్యాల్సొచ్చింది. ఆ ఏటి పంటా పోయింది.

తర్వాత చాలా ఏళ్ళకి, గాయాలు కుట్టడం గురించి మనుషులు ఏం రాసిపెట్టారో చదవడం మొదలుపెట్టాక తెలిసింది, నా తప్పు ఏమంత కొత్తది కాదని.

1862లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ ఈజిప్టులోని లక్సర్‌లో ఒక పాపిరస్ చుట్ట కొన్నాడు. క్రీ.పూ. 1600 ప్రాంతంలో, అంతకన్నా పాత గ్రంథాన్ని చూసి రాసుకున్న ప్రతి అది. అందులో 48 కేసులున్నాయి, తల నుంచి కిందికి వరసగా. పదో కేసు కనుబొమ మీద గాయం. ముందు వేలితో తడిమి చూడమంటాడు ఆ వైద్యుడు. తర్వాత కుట్టమంటాడు, మొదటి రోజు పచ్చి మాంసం కట్టమంటాడు. కుట్టు వదులైతే రెండు పట్టీలతో అంచులు దగ్గరికి లాగి, రోజూ కొవ్వూ తేనే రాయమంటాడు. అంటే ఆ రోజుల్లోనే గాయం మూయడానికి దారం ఒక దారీ, పట్టీ ఇంకో దారీ.

సుశ్రుతసంహిత ఇంకా వివరంగా చెబుతుంది. సూత్రస్థానం 25వ అధ్యాయంలో నాలుగు రకాల కుట్లున్నాయి: వెల్లితకం, గోఫణిక, తున్నసేవని, ఋజుగ్రంథి. తున్నసేవని అంటే చిరిగిన బట్టకి రఫూ చేసినట్టు కుట్టడం. దారాలకి సన్నటి నూలు, జనుము, నార, స్నాయువు, వెంట్రుక, తిప్పతీగ. సూదులు మూడు రకాలు. కండ తక్కువ చోట్లకీ కీళ్ళకీ రెండంగుళాల గుండ్రటిది, కండ ఉన్నచోట మూడంగుళాల మూడంచులది, మర్మస్థానాలకి విల్లులా వంగినది. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు.

మన వ్యాసకర్తలు ఈ జాబితా దగ్గర గర్వపడి ఆగిపోతుంటారు. నన్ను ఆపింది మాత్రం అదే అధ్యాయంలో ఉన్న ఇంకో జాబితా. ఏ గాయాలు కుట్టకూడదో చెప్పేది. క్షారంతో, నిప్పుతో, విషంతో అయిన గాయాలు, లోపల్నుంచి గాలి వచ్చేవి, రక్తమో శల్యమో లోపల మిగిలిపోయినవి. దుమ్ము, వెంట్రుకలు, గోళ్ళు, విరిగిన ఎముక ముక్కలు తియ్యకుండా కుడితే చీము పట్టి బాధిస్తుందని కూడా ఉంది. నేను ఆ రాత్రి చెయ్యకూడనిది ఏమిటో అక్కడ స్పష్టంగా రాసి ఉంది. కాకపోతే నా పాఠ్యపుస్తకం అది కాదు.

నా పాఠ్యపుస్తకంలోని ఆరు గంటల లెక్క ఎక్కడిదో వెతికితే 1898 జర్మనీ తేలింది. పౌల్ లియోపోల్డ్ ఫ్రీడ్రిక్ అనే సర్జన్ గినీ పిగ్‌లకి గాట్లు పెట్టి, వాటిలో తోట మట్టీ మెట్ల మీది దుమ్మూ వేశాడు. ఆ మురికి పట్టిన కండని ఎంతసేపటిలోగా కోసి తీసేస్తే జంతువు బతుకుతుందో చూశాడు. సుమారు ఆరు గంటల్లోపు కోసేస్తే బతికాయి. గమనించండి, ఆయన కొలిచింది కుట్టడానికి గడువు కాదు, మురికి కండ కోసి పారెయ్యడానికి గడువు. అది నోటి నుంచి నోటికి, పుస్తకం నుంచి పుస్తకానికి మారేసరికి 'ఆరు గంటల్లోపు కుట్టొచ్చు' అయి కూర్చుంది. నా దగ్గరికొచ్చేటప్పటికి కోత పోయింది, గడియారం మిగిలింది.

ఈ పాఠానికి అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లించింది మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు. దానికి ముందు ఐరోపా సర్జన్లు ధీమాగా ఉన్నారు. 1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లం వాడి, ఎముక విరిగి చర్మం చీల్చుకొచ్చిన పిల్లవాడి కాలు కాపాడాడు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం ఎండు నేలల మీద జరిగింది, అక్కడి తూటా గాయాలు కట్టు కడితే చాలావరకు మానిపోయాయి. ఆ అనుభవంతోనే 1914లో ఫ్లాండర్స్ వెళ్ళారు. ఆ పొలాలు తరతరాలుగా పశువుల ఎరువు వేసి పండించినవి. ఫిరంగి గుండు ముక్కలు మట్టినీ బట్ట పీలికలనీ కండలోకి తోసేవి. పైపైన మందు పోసి కుట్టేస్తే గాలి ఆడని ఆ గోతిలో గ్యాస్ గాంగ్రీన్ క్రిములు విజృంభించాయి. కాళ్ళూ చేతులూ, ఆపైన ప్రాణాలూ పోయాయి.

మందు ఎందుకు పనిచెయ్యలేదో చూపించింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్. పెన్సిలిన్‌కి చాలా ముందు సంగతి. బూలోన్ సైనికాసుపత్రిలో పనిచేస్తూ ఆయన గాజు గొట్టాన్ని కాల్చి, బయటికి మొనలు తేలిన ఒక దొంగ గాయం తయారుచేశాడు. క్రిములున్న ద్రవం అందులో నింపి, ఒంపేసి, మందు పోసి, మళ్ళీ శుభ్రమైన ద్రవం నింపేవాడు. సందుల్లో దాక్కున్న క్రిములు తిరిగి పెరిగేవి. గాయం లోపల కూడా అలాంటి సందులే మరి. బెల్జియం సర్జన్ ఆంత్వాన్ దెపాజ్ సముద్రపు ఒడ్డున లా పాన్ ఆసుపత్రిలో వేరే దారి పట్టాడు. చచ్చిన కండంతా కోసెయ్యడం, తెరిచి ఉంచడం, మైక్రోస్కోపు కింద క్రిములు లెక్కపెట్టి, తగ్గాకే కుట్టడం. ఇప్పటికీ మురికి గాయానికి మేం పాటించే పద్ధతికి మూలం అదే. శుభ్రం చేసి, తడి గుడ్డ పెట్టి కట్టు కట్టి, నాలుగైదు రోజులాగి, బాగుంటే అప్పుడు కుట్టడం.

అయితే శుభ్రమైన గాటుకైనా సూదే కావాలా? పదహారో శతాబ్దంలో ఫ్రెంచి సర్జన్ ఆంబ్రోయిజ్ పారే ముఖం మీద గాయాలకి 'పొడి కుట్టు' వేసేవాడు. గాటుకి అటూ ఇటూ బట్ట పట్టీలు జిగురుతో అంటించి, చర్మాన్ని కాకుండా ఆ పట్టీల్ని కలిపి కుట్టడం. మచ్చ తక్కువ పడుతుందని. ఆ జిగురు ఆలోచనకి అసలు పదార్థం అనుకోకుండా దొరికింది. 1942లో కోడక్ కంపెనీలో హ్యారీ కూవర్ తుపాకీ గురి చూసే అద్దాల కోసం పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతూ సైనోఎక్రిలేట్ తయారుచేశాడు. ముట్టుకున్నదానికల్లా అంటుకుంటోందని పక్కన పడేశారు. 1951లో మళ్ళీ దాని దగ్గరికే వచ్చి, 1958లో జిగురుగా అమ్మారు. వియత్నాం యుద్ధంలో రక్తం ఆపడానికి స్ప్రేగా వాడారు. తేమ తగిలితే గట్టిపడటం దాని గుణం. మొదటి రకాలు వేడి పుట్టించి కణాల్ని దెబ్బతీసేవి. అందుకే ఇంట్లో వాడే జిగురు గాయానికి పూయకూడదు. పొడవు గొలుసు ఉన్న ఆక్టైల్ రకానికి 1998లో అమెరికా అనుమతి వచ్చింది.

ఆ జిగురునీ కుట్లనీ పోల్చి చూసినవాళ్ళలో జేమ్స్ క్విన్ అనే ఎమర్జెన్సీ డాక్టరు ఒకరు. 1997లో ఆయన బృందం మచ్చలో తేడా లేదని, జిగురుకి సమయమూ నొప్పీ తక్కువని చూపింది. 2002లో మరో అడుగు వేశారు. చేతి మీద 2 సెంటీమీటర్లలోపు, నరమూ టెండనూ తెగని గాట్లని కొందరికి కుట్టి, కొందరికి కట్టు మాత్రం కట్టి వదిలేశారు. మూడు నెలల తర్వాత తేడా కనబడలేదు. అదే ఏడు సింగపూర్ డాక్టర్లు నెత్తి గాయానికి అటూ ఇటూ ఉన్న జుట్టు పాయల్ని మెలిపెట్టి, ఒక్క చుక్క జిగురు వేసి వదిలెయ్యడం పరీక్షించారు. క్షవరమూ లేదు, కుట్లు విప్పే పనీ లేదు.

ఇక ఆ ఆరు గంటల సంగతి. 1988లో జమైకా నుంచి వచ్చిన అధ్యయనంలో తల గాయాలకి ఆలస్యం వల్ల నష్టం కనబడలేదు, మిగతా చోట్ల 19 గంటల దాకా కుట్టినవి బాగా మానాయి. 2014లో క్విన్ బృందం 2600 మందికి పైగా రోగుల్ని గమనించింది. చీము పట్టడానికీ గడిచిన గంటలకీ సంబంధం దొరకలేదు. సంబంధం ఉన్నవి వేరే: 5 సెంటీమీటర్లు దాటిన గాటు, మురికి, కాలి మీద ఉండటం, షుగరు జబ్బు. ఆ జాబితా చదివినప్పుడు నేను పేపరు పక్కన పెట్టేశాను. పొడుగ్గా, మురికిగా, కాలి మీద. మూడూ ఆయనకి ఉన్నాయి. నేను చూసింది గోడ గడియారం.

ఇప్పుడు డ్యూటీలో పిల్లలు నన్నడిగితే ఇలా చెబుతాను. ముందు కుళాయి కింద ధారగా, తీరిగ్గా కడగండి. కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వీలైనంతవరకు కుట్టకండి. ముఖం మీద బిగువు లేని శుభ్రమైన గాటుకి జిగురు చాలు, కంట్లోకి కారకుండా చూసుకోండి. కీలు మీద జిగురు నిలవదు, నైలాను దారమే. నెత్తికి స్టేపుల్స్, లేదా ఆయన జుట్టే. మట్టి కొట్టుకున్న కాలికి కట్టు, నాలుగు రోజుల ఓపిక.

పోయినేడు మా మనవడు మంచం కోడు తగిలి కనుబొమ చీరుకున్నాడు. హైదరాబాదులో డ్యూటీ డాక్టరమ్మాయి కడిగి, అంచులు కలిపి జిగురు పూసి, పైన రెండు పట్టీలు వేసి పంపించింది. అచ్చంగా పదో కేసు. మా ఆవిడ మాత్రం సమాధానపడలేదు. "కుట్లే వెయ్యలేదటండీ, అదేం ఆసుపత్రి?" అంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. ఆ రాత్రి ఆ రైతు భార్య అడిగిందీ ఇదే. తెరిచి వదిలెయ్యడమంటే పట్టించుకోకపోవడమని ఆమె భయం. "వదిలెయ్యడం లేదమ్మా, నాలుగు రోజులూ నేనే కట్టు కడతాను, ఐదో రోజు కుడతాను" అని చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. కుట్టడానికి ఇరవై పట్టింది.