సోమవారం రాత్రి వంట బంద్

నెలాఖర్లో సరుకుల బిల్లు చూసి గుండె పట్టుకునేవాళ్ళ కోసం ఓ పాత సంగతి.

1965. ఓ పక్క పాకిస్తాన్‌తో యుద్ధం, ఇంకో పక్క కరువు. తిండిగింజల లోటు పూడాలంటే పీఎల్-480 కింద అమెరికా గోధుమల ఓడ రావాల్సిందే. ఆ దేశాధ్యక్షుడు జాన్సన్ ఆ ఏడే దీర్ఘకాలపు ఒప్పందాలు ఆపేసి, కొన్ని నెలలకి సరిపడా మాత్రమే వదలడం మొదలెట్టాడు. అంటే మన వంటింటి తాళంచెవి వాషింగ్టన్‌లో ఉందన్నమాట!

అప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి గారు వారానికి ఒక పూట భోజనం మానమని జనాన్ని అడిగారు. ముందు తన ఇంట్లో అమలు చేశాకే అడిగారని చెప్తారు. సోమవారం సాయంత్రాలు చాలా హోటళ్ళు మూసేశారు.

ఆ పస్తుతో లోటు తీరిపోయిందా? లేదు. అది తీరే దారి పడింది 1966లో మెక్సికో నుంచి తెచ్చిన 18,000 టన్నుల గోధుమ విత్తనాలతో. కానీ గింజకి లెక్కుందని ప్రతి ఇంటికీ తెలిసింది.

ఇప్పుడు గోదాములు నిండుగా ఉన్నాయి, లెక్క మాత్రం పోయింది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా ప్రకారం 2022లో ప్రపంచం వృథా చేసిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ళదే. అప్పట్లో లేమి కళ్ళకి కనపడేది. ఇప్పటి వృథా ఫ్రిజ్‌లో వెనకాల డబ్బాలో దాక్కుంటోంది. లాగ్ లేకపోతే బగ్ ఎలా దొరుకుతుంది?

కాబట్టి ఒక్క నెల, పారేసినవన్నీ ఫ్రిజ్ తలుపు మీద కాగితంలో రాయండి. సోమవారం రాత్రి పస్తుండక్కర్లేదు, కొత్తగా ఏమీ వండకుండా ఉన్నదాంతో కానిచ్చేయండి. శాస్త్రి గారు అడిగిందాంట్లో ఇది సగం కూడా కాదు. ఏమంటారు?