కొయ్య అచ్చు మీద గౌను కుచ్చిళ్లు

విక్టోరియా రాణి గద్దెనెక్కిన 1837కీ కన్నుమూసిన 1901కీ మధ్య ఇంగ్లండులో అచ్చుబొమ్మ మధ్యతరగతి ఇళ్లలో రోజువారీ సరుకైపోయింది. 1841లో పంచ్, 1842లో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్, 1869 చివర గ్రాఫిక్ పత్రికలు మొదలయ్యాయి. ప్రకటనల మీద పన్ను 1853లోనూ, పత్రికల మీద స్టాంపు సుంకం 1855లోనూ, కాగితం మీద సుంకం 1861లోనూ పోయాయి. దాంతో బొమ్మల పత్రిక పెట్టడం, కొనడం రెండూ తేలికయ్యాయి. ఆ కాలపు ఆడవాళ్లు ఏం కట్టారు, ఎలా కూర్చున్నారు, ఎవరితో ఎలా మాట్లాడారు అని వెతికే చరిత్రకారులకు ఈ బొమ్మలే మొదటి ఆధారం. అయితే ఒక్కో బొమ్మ వెనక ఒక్కో అవసరం ఉంది. ఫ్యాషన్ పేజీ బట్ట అమ్మాలి, వ్యంగ్యచిత్రం నవ్వించాలి, సీరియల్ బొమ్మ కథను వచ్చే నెల దాకా నిలబెట్టాలి. ఆ అవసరాన్ని పక్కన పెట్టి బొమ్మను నమ్మితే మోసపోతారు.

పత్రికల బొమ్మల్లో ఎక్కువ భాగం కొయ్య దిమ్మెల మీద చెక్కినవే. బాక్స్‌వుడ్ అనే గట్టి కర్రను అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీద పనిచేసేవారు. చిత్రకారుడు తెల్లపూత పూసిన దిమ్మె మీద పెన్సిలుతో గీస్తే, చెక్కేవాడు గీతలు ఉంచి మిగతా కర్రను తొలిచేసేవాడు. ఆ చెట్టు మాను సన్నం కాబట్టి పెద్ద బొమ్మ కావాలంటే చిన్న దిమ్మెలను బోల్టులతో బిగించాలి. తొందర పని అయితే దిమ్మెలు విప్పి తలో ముక్కా పంచుకొని రాత్రికి రాత్రి చెక్కేవారు. ఆనాటి సంచికలను దగ్గరగా పెట్టుకుని చూస్తే, నాట్యశాల మధ్యలోంచో ఒక దొరసాని గౌను మీదుగానో వెంట్రుకంత తెల్లగీత నిలువునా దిగడం కనిపిస్తుంది. అది ముక్కలు అతికిన చోటు. డాల్జియల్ సోదరులు, జోసెఫ్ స్వేన్ నడిపిన చెక్కుడు కార్ఖానాలకు ఈ పనిలో పెద్ద పేరు. పట్టు నిగనిగను దగ్గర దగ్గర గీతలతో, మఖ్మల్‌ను చిక్కటి నలుపుతో చూపించేవారు. రంగు మాత్రం చూపలేకపోయేవారు.

రంగు కావాలంటే ఫ్యాషన్ ప్లేట్ చూడాల్సిందే. అది ఉక్కు రేకు మీద చెక్కి, అచ్చువేశాక చేత్తో రంగులద్దిన విడి పేజీ. వాటిలో మేలైనవి పారిస్‌లో తయారయ్యేవి. అక్కడ ఈ పనికి పేరుపడ్డవారిలో ముగ్గురు అక్కచెల్లెళ్లు ఉన్నారు: ఎలోయిజ్ లెల్వార్, అనయిస్ టుడూజ్, లోర్ నోయెల్. ముగ్గురూ కొలాఁ అనే చిత్రకారుడి కూతుళ్లు. లండన్‌లో శామ్యూల్ బీటన్ 1852లో రెండు పెన్నీలకు ఇంగ్లిష్‌వుమన్స్ డొమెస్టిక్ మ్యాగజైన్ మొదలుపెట్టాడు. 1860లో భార్య ఇసబెల్లాతో కలిసి పారిస్ వెళ్లి, లె మోనితర్ దె లా మోడ్ పత్రికకు జూల్ దవీద్ గీస్తున్న ప్లేట్లను తెప్పించుకునే ఏర్పాటు చేసుకున్నాడు. ఆపైన పత్రిక వెల ఆరు పెన్నీలైంది. గౌను కత్తిరింపుకు కాగితం నమూనాలు కూడా దొరకసాగాయి. పారిస్ బొమ్మ చూసి, నమూనా ప్రకారం ఇంట్లోనే కత్తిరించి కుట్టుకోవడం గుమాస్తా భార్యకూ అందుబాటులోకి వచ్చింది.

ఈ ప్లేట్లలో సాధారణంగా ఇద్దరు ముగ్గురు స్త్రీలుంటారు. ఒకామె ఎదురుగా నిలబడితే ఇంకొకామె వీపు చూపుతుంది. అది స్నేహానికి గుర్తేమీ కాదు. కుట్టేవాళ్లకు ముందూ వెనకా రెండూ తెలియాలి, అంతే. పక్కన పియానో, కిటికీ, ఓ బొద్దు పిల్ల. ముఖాలన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ముసలివాళ్లు దాదాపు కనపడరు. కానుపు మీద కానుపు మామూలైన కాలంలో కూడా కడుపుతో ఉన్న మనిషి ఈ ప్లేట్లలో అరుదు. నడుములైతే పిడికిట్లో ఇమిడేటట్లు గీశారు. మ్యూజియాల్లో మిగిలిన గౌన్లను కొలిస్తే నడుము అంత సన్నం కాదని తేలుతుంది. రంగుల విషయంలో మాత్రం ప్లేట్లు కాలానికి దగ్గరగానే నడిచాయి. 1856లో విలియం పెర్కిన్ తారు నుంచి ఊదారంగు తీశాడు. 1858 జనవరిలో కూతురి పెళ్లికి రాణి ఆ ఛాయే కట్టింది. అప్పటి ఫ్యాషన్ బొమ్మల్లో ఊదా విరగబూసింది.

అదే 1856లో ఉక్కు బద్దల పంజరం లాంటి క్రినోలిన్‌కు పేటెంటు వచ్చింది. అంతకు ముందు గౌను గంటలా నిలబడాలంటే గుర్రపు వెంట్రుకలతో నేసిన బిరుసు లంగా మీద మరో నాలుగైదు లంగాలు తొడగాల్సి వచ్చేది. పంజరం ఆ బరువును తీసేసింది. పంచ్ చిత్రకారుడు జాన్ లీచ్‌కు ఈ సుఖం పట్టలేదు. బండి తలుపులో ఇరుక్కున్నవాళ్లను, గది నిండా గౌను పరుచుకుంటే గోడకు ఆనుకున్న మగవాళ్లను ఏళ్ల తరబడి గీశాడు. ఎక్కువ విలువైనవి అతని పనిమనుషుల బొమ్మలు. యజమానురాలిలా క్రినోలిన్ తొడిగి బల్లల మధ్య తిరగలేక తంటాలు పడే పిల్లను చూపి పాఠకుణ్ణి నవ్వించాలని లీచ్ ఉద్దేశం. కానీ చరిత్రకారుడికి అదే బొమ్మ మరో సంగతి చెబుతుంది. బద్దల పంజరం చవకై వంటింటిదాకా వచ్చింది. గౌను చూసి దొరసాని ఎవరో దాసి ఎవరో పోల్చుకునే వీలు తగ్గుతోంది. ఆ నవ్వులో యజమానుల కంగారే ఎక్కువ.

సీరియల్ నవలల బొమ్మల్లో గౌను కథనే మింగేసిన సందర్భం ఒకటుంది. ఆంథొనీ ట్రాలోప్ రాసిన ఫ్రామ్లీ పార్సనేజ్ 1860లో కార్న్‌హిల్ పత్రికలో వస్తోంది. ప్రేమించినవాడికి ప్రేమ లేదని అబద్ధం చెప్పి వచ్చిన లూసీ పడకమీద పడి ఏడ్చే ఘట్టానికి జాన్ మిలే జూన్ సంచికలో బొమ్మ వేశాడు. అందులో మంచం కంటే, ముఖం కంటే కుచ్చులే ఎక్కువ. వరస మీద వరసగా జాలర్లు పొంగి బొమ్మంతా నిండాయి. పిల్ల తల ఒక మూలకు ఒదిగిపోయింది. ట్రాలోప్ మండిపడి, హాస్యాస్పదంగా ఉందని ప్రచురణకర్తకు రాశాడు. ఆ తర్వాత అచ్చం అలాంటి గౌనే కళ్లారా చూశానని తనే ఒప్పుకున్నాడు. అతిశయోక్తి అనుకున్నది చిత్రకారుడిది కాదు, ఫ్యాషన్‌ది.

గౌను కుట్టే చేతులు ఫ్యాషన్ పేజీల్లో కనిపించవు. 1843 డిసెంబరు పంచ్‌లో థామస్ హుడ్ చొక్కాలు కుట్టే ఆడకూలీ మీద గేయం రాశాక, గుడ్డి దీపం ముందు సూది పట్టిన బక్క మనిషి చిత్రకారులకు అలవాటైన వస్తువైంది. 1863 జూన్‌లో మేరీ యాన్ వాక్లీ అనే ఇరవై ఏళ్ల కుట్టుపని పిల్ల లండన్‌లో చనిపోయింది. కొత్త యువరాణి గౌరవార్థం జరిగే నాట్యోత్సవానికి గౌన్లు సిద్ధం చేయాలని, గాలి ఆడని గదిలో ఇరవయ్యారు గంటలకు పైగా ఆపకుండా కుట్టిందని పత్రికలు రాశాయి. మార్క్స్ కూడా పెట్టుబడి గ్రంథంలో ఈ చావును ప్రస్తావించాడు. జూలై 4 పంచ్‌లో జాన్ టెనియల్ దీని మీదే పూర్తి పేజీ బొమ్మ వేశాడు. కొత్త గౌను తొడుక్కున్న సంపన్నురాలు నిలువుటద్దం ముందు నిలబడింది. పక్కనే దుకాణం యజమానురాలు. అద్దంలో మాత్రం ఆమె ప్రతిబింబం లేదు, కుర్చీలో వాలిపోయిన కుట్టుపిల్ల ఉంది. సూదిపని పిల్లకు జాలి దొరికింది, బొగ్గు గనుల దగ్గర పనిచేసే ఆడకూలీకి అదీ దొరకలేదు. విగన్ గనుల పైన లాగుల్లాంటివి తొడిగి బొగ్గు ఏరే ఆడవాళ్లను పత్రికలు వింత జంతువుల్లా చూపాయి.

బొమ్మలు గీసినవాళ్లంతా మగవాళ్లు కారు. ప్రభుత్వం 1842లో ఆడపిల్లలకు డిజైన్ పాఠశాల పెట్టింది. 1860లో లారా హెర్ఫర్డ్ పూర్తి పేరు రాయకుండా పొడి అక్షరాలతో బొమ్మ పంపి రాయల్ అకాడమీ పాఠశాలలో చోటు సంపాదించింది. మేరీ ఎలెన్ ఎడ్వర్డ్స్ పత్రికల కథలకు వందల బొమ్మలు వేసింది. గ్రాఫిక్‌లో పనిచేసిన హెలెన్ ప్యాటర్సన్ 1874లో థామస్ హార్డీ నవల ఫార్ ఫ్రమ్ ద మ్యాడింగ్ క్రౌడ్‌కు బొమ్మలు గీసింది. అందరికంటే చిత్రమైన దారి కేట్ గ్రీనవేది. 1879లో వచ్చిన అండర్ ద విండోలో ఆమె పిల్లలకు తన కాలపు బట్టలు తొడగలేదు. నానమ్మల నాటి పొడుగు గౌన్లు, బానెట్లు ఇచ్చింది. మోడళ్లుగా నిలబడే పిల్లల కోసం ఆ బట్టలను తనే కుట్టేది. అచ్చువేసిన ఎడ్మండ్ ఇవాన్స్ మొదటి విడతగా 20,000 ప్రతులు తీస్తే, అన్ని ఎవరు కొంటారని ప్రచురణకర్తలు నవ్వారు. అన్నీ అమ్ముడయ్యాయి. తర్వాత లండన్‌లో లిబర్టీ దుకాణం ఆ బొమ్మల తరహాలో పిల్లల దుస్తులు కుట్టించింది. మామూలుగా బొమ్మ బట్టను అనుసరిస్తుంది. ఇక్కడ బట్టే బొమ్మను అనుసరించింది.

1864లో లీచ్ చనిపోయాక పంచ్‌లో అతని చోటు జార్జ్ డ్యు మోరియేకి దక్కింది. ఒక కన్ను చూపు పోవడంతో రంగుల చిత్రాలు వదిలి ఈ పనిలోకి వచ్చినవాడు. అతని స్త్రీలు తాటిచెట్టంత పొడుగు, రాణుల్లాంటి మెడలు. క్రినోలిన్ పోయి, గౌను వెనక గుత్తిలా ఎగదోసే బసిల్ 1870లలో, మళ్లీ 1880ల నడుమ వచ్చిపోయింది. అదే కాలంలో నడుము బిగించే కార్సెట్ విప్పేసి వదులు గౌనుతో, నెమలి ఈకల మధ్య తిరిగిన సౌందర్యవాదులను డ్యు మోరియే మిసెస్ చీమాబ్వే బ్రౌన్ అనే పాత్రతో ఆటపట్టించాడు.

దుస్తుల సంస్కరణ కోరిన ఆడవాళ్లకూ ఇదే గతి. 1851లో అమెరికా నుంచి అమీలియా బ్లూమర్ పేరు మీద వదులు పైజామాల వార్త రాగానే లీచ్ చుట్ట కాల్చే, మగవాడికి తామే పెళ్లి ప్రస్తావన చేసే స్త్రీలను గీశాడు. అప్పటికి ఇంగ్లండులో వాటిని తొడిగినవాళ్లు బహు కొద్దిమంది. 1881లో ఏర్పడిన రేషనల్ డ్రెస్ సొసైటీ లోదుస్తుల బరువు ఏడు పౌండ్లు, అంటే మూడు కిలోల పైచిలుకు, దాటకూడదని చెప్పేది. ఆ హద్దును బట్టే అంతకుముందు మోసిన బరువు ఊహించుకోవచ్చు. 1890లలో పంచ్ బుట్టచేతుల రవికె, మోకాళ్ల లాగు తొడిగి సైకిలెక్కిన కొత్త స్త్రీని కూడా నవ్వుకు వాడుకుంది. ఈసారి వీధిలో నిజంగానే ఆమె సైకిలు తొక్కుతూ వెళ్తోంది.

శతాబ్దం చివరికి ఫొటో నుంచి నేరుగా బ్లాకు తీసే పద్ధతి వచ్చింది. కొయ్య చెక్కేవాళ్ల పని పోయింది. చేత్తో రంగులద్దిన ఫ్యాషన్ ప్లేట్లకూ అదే జరిగింది. మారిన కాలం పంచ్ చిత్రకారుడు లిన్లీ శాంబర్న్ ఇంట్లో బాగా కనిపిస్తుంది. కెన్సింగ్టన్‌లోని 18 స్టాఫర్డ్ టెరేస్ ఇప్పుడు మ్యూజియం. గీతకు ఆనవాలు కోసం అతను ఇంట్లోవాళ్లకూ పనివాళ్లకూ వేషాలు కట్టి, కావలసిన భంగిమల్లో నిలబెట్టి ఫొటోలు తీసుకునేవాడు. అలా తీసినవి వేల సంఖ్యలో మిగిలాయి.