లేని రోగమునకు మందు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై చిట్యాల యున్నది. అచ్చట ఆదాయ ధ్రువపత్రము కావలసినను, భూమి పత్రము కావలసినను నేడు మనము కంప్యూటరు ముందు నిలువవలసినదే. 2011లో మీ-సేవ ఆరంభమైన పిదప ఈ యంత్రము పల్లెలకును పరిచితమైనది. అట్టి యంత్రపు తెరపై ఒకనాడు హఠాత్తుగా ఎఱ్ఱని హెచ్చరిక పొడసూపును: ఇందు వందలకొలది దోషములున్నవి, వెంటనే శుభ్రపరచుకొనుడు, అని. చదివినవారి గుండె ఝల్లుమనును.

కంటికి కనబడని దోషము నల్లగొండవారికి క్రొత్త కాదు. బావినీరు తేటగనే యుండును. అందు ఫ్లోరైడు కలదో లేదో పరీక్షింపక తెలియదు. పటికయు సున్నమును కలిపి ఆ నీటిని శుద్ధిచేయు విధానమునకు నల్లగొండ పేరే వచ్చినది. పరీక్ష నిజమైనపుడే మందునకు విలువ. పరీక్షయే బూటకమైనచో?

ఈ బూటకమునకు చరిత్ర కలదు. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రము ‘స్పైవేర్ క్లీనర్’ అను సాఫ్టువేరును అమ్మినవారిపై దావా వేసినది. 2008 డిసెంబరులో ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషను ‘విన్‌ఫిక్సర్’, ‘డ్రైవ్‌క్లీనర్’ మొదలగువానిని అమ్మినవారిని న్యాయస్థానమున కీడ్చినది. వారి ప్రకటన కంప్యూటరును పరీక్షించినట్లు నటించి, లేని వైరసులను చూపెడిది. పది లక్షలకు పైగా జనులు మోసపోయిరి. 2012లో న్యాయస్థానము 16 కోట్ల డాలర్లకు మించిన తీర్పు నిచ్చినది.

పేరుగల దుకాణములపైనను ఇట్టి అభియోగము వచ్చినది. ఆఫీస్ డిపో వారి పరీక్షలో నాలుగు ప్రశ్నలుండెడివి: యంత్రము మందగించినదా, వంటివి. ఒక్కదానికి ఔనన్నను వైరసు జాడలున్నవని ఫలితము తేలెడిది. పరీక్షతో దానికి పొత్తు లేదు! 2019లో ఆ సంస్థయు, సాఫ్టువేరు నిచ్చిన సంస్థయు కలిసి మూడున్నర కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నవి.

మన దేశమును దీనికి వెలుపల లేదు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థల సాంకేతిక సహాయకులమని చెప్పి విదేశీయులను వంచించిన కాల్ సెంటర్లపై 2023 అక్టోబరులో సి.బి.ఐ. ‘ఆపరేషన్ చక్ర-2’లో భాగముగా సోదాలు జరిపినది. మాఱువేషమున కంప్యూటరు ద్వారా మోసగించువారికి సమాచార సాంకేతిక చట్టము 66-డి సెక్షను క్రింద మూడేండ్ల వఱకు కారాగారము విధింపవచ్చును.

అయినను శిక్షకంటె ముందుజాగ్రత్త మేలు. తాను తెఱచిన పుటలో పిలువకయే వచ్చిన హెచ్చరికను నమ్మరాదు. ఆ పుటను మూసివేయవలెను. అందలి ఫోను సంఖ్యను పిలువరాదు. ఎంత తీయగా పలికినను, అపరిచితునికి మన కంప్యూటరును దూరమునుండి నడుపు అధికార మీయరాదు. నిజముగా అనుమానము కలిగినచో, భారత ప్రభుత్వము 2017లో స్థాపించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఉచితముగనే సాధనముల నిచ్చుచున్నది. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచుకొనక, తక్షణమే బ్యాంకునకును, 1930 సంఖ్యకును తెలుపవలెను. ఆలస్యమైనకొలది ఆ సొమ్ము చేతులు మాఱును.

ఇన్నేండ్ల ఈ చరిత్ర మనకు చెప్పునది ఒక్కటే: రోగమున్నదని భయపెట్టినవాడే మందును గూడ అమ్మజూపినచో, ముందుగా ఆ రోగమును వేఱొకరిచేత పరీక్షింపజేయవలెను.