ఐదడుగుల వరండా

సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు మీద ఉండగా వాన పట్టుకుంది. గొడుగు లేదు. అయినా ఆ వరసలో దుకాణాలు అయిపోయేదాకా తడవకుండానే నడిచాను. ఒక దుకాణం ముందు వరండా పక్క దుకాణం వరండాలో కలిసిపోతూ, అలా సాగిపోతూనే ఉంది.

మన అరుగుల్లా ఉన్నాయే అనుకున్నాను. కానీ అరుగు ఇంటాయన దయ. ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కూర్చోకూడదో కులం చూసి తేల్చిన దయ. ఇది అలా కాదు, రూలు. 1822 నవంబరులో స్టాంఫర్డ్ రాఫిల్స్ టౌన్ కమిటీకి ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి: ఇటుకతోనో పెంకుతోనో కట్టే ప్రతి ఇంటికీ ముందు వరండా వదలాలి, వీధికి రెండు వైపులా అది ఎడతెగని దారిలా ఎప్పుడూ తెరిచే ఉండాలి. స్థలం ఓనరుది, నడిచే హక్కు అందరిదీ. మలయ్‌లో దీని పేరు కాకి లిమా. కాకి అంటే అడుగు, లిమా అంటే ఐదు. కొలత అన్నిచోట్లా ఐదడుగులే లేదు గానీ పేరు నిలిచిపోయింది.

రాఫిల్స్‌ని మరీ మెచ్చుకోబుద్ధి కాదు. చైనావాళ్ళొక పక్క, చూలియాలొక పక్క, తెల్లవాళ్ళొక పక్క అని ఊరిని జాతులవారీగా ముక్కలు చేసిందీ ఆయన ప్లానే. ఊరిని విడదీసిన మనిషే వరండాలు విడిపోకూడదన్నాడు!

రూలు రాసినంత మాత్రాన దారి ఖాళీగా ఉండిపోలేదు. దుకాణదారులు వరండాల్లో సరుకు పేర్చారు, చిన్న వ్యాపారాలు వెలిశాయి. 1888 ఫిబ్రవరిలో మునిసిపాలిటీ వాటిని ఖాళీ చేయించబోతే దుకాణాలు మూతపడ్డాయి, ట్రాముల మీద రాళ్ళు పడ్డాయి. చరిత్రలో వాటిని వరండా అల్లర్లు అంటారు. నాకు ఇద్దరి బాధా అర్థమవుతుంది. ఆ ఐదడుగుల్లోనే బతుకు వెళ్ళదీసేవాడూ ఉన్నాడు, వాటి మీదుగా నడవాల్సినవాడూ ఉన్నాడు.

మన దగ్గరా కాగితం మీద లోటు లేదు. నివాస ప్రాంతాల్లో కనీసం 1.8 మీటర్లు అడ్డు లేని నడకదారి ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతాయి. కొత్త వెంచర్ల బ్రోచర్లలో చెట్ల కింద నడిచే కుటుంబం బొమ్మ ఎలాగూ ఉంటుంది. నాకు తోచిందేమిటంటే, రాఫిల్స్ రూల్లో అసలు పట్టు వెడల్పులో లేదు, ఎడతెగకపోవడంలో ఉంది. మనం వెడల్పు కొలిచి వదిలేస్తాం. గేటు గేటుకీ అది తెగిపోతుంది.

హైదరాబాద్ శివార్లలో మేముండే లేఅవుట్లో అమ్మ రోజూ పొద్దున్నే తారురోడ్డు మీదే నడుస్తుంది. వెనకనించి స్కూలు బస్సులు. "ఫుట్‌పాత్ ఉంది కదమ్మా" అన్నాను ఓసారి.

"ప్రతి ఇంటి ముందూ కారు ర్యాంపే కదరా. ఎక్కీ దిగీ మోకాళ్ళు పోతున్నాయి" అంది.

మా గేటు ముందు ర్యాంపు నేనే దగ్గరుండి పోయించాను.