కొల్లేరు సరస్సు చరిత్ర: సృష్టి సంరక్షణ, పొరుగువాని న్యాయం

ఉపోద్ఘాతం

ఎంతకీ తెగని జాబితాను మనం "కొల్లేటి చాంతాడు" అంటాం. కొల్లేరు ఎంత విస్తారమైనదో తెలుగువారి నానుడిలోనే నిలిచిపోయింది. అయితే ఆ విస్తారం నేడు చాలావరకు మాటలోనే మిగిలింది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సు గత నూట డెబ్బై సంవత్సరాలలో ఎలా మారింది, ఆ మార్పులో ఎవరు లాభపడ్డారు, ఎవరు నష్టపోయారు అన్న సంగతులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సృష్టి సంరక్షణను గూర్చి మన ప్రసంగాలు తరచుగా "మానవుడు ప్రకృతిని పాడుచేశాడు" అనే మాటతో ఆగిపోతాయి. ఏ మానవుడు అని చరిత్ర అడుగుతుంది. ఆ ప్రశ్నను సంఘం కూడా అడగవలసి ఉంది.

1. సరస్సు, దాని పని

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన ఏరులు తెచ్చే వరద నీటిని కొల్లేరు తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా బంగాళాఖాతానికి పంపుతుంది. ఈ కారణంగా అది డెల్టాకు సహజమైన వరద తొట్టి. వరదతో పరచుకొని వేసవిలో కుంచించుకుపోయే ఈ లోతులేని నీటిలో కొరమీను, ఇంగిలాయి, మట్టగిడస, చేదుపరిగె వంటి నాటు చేపలు పెరిగాయి. వాటిని ఆశ్రయించి గూడబాతులు, కొంగలు, శీతాకాలపు వలస పక్షులు వచ్చాయి. 1946లో కె. కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతులు గూళ్లు కట్టే చోటును గుర్తించి లోకానికి తెలియజేశాడు. తరువాతి దశాబ్దాలలో ఆ గూళ్లు అంతరించాయి.

ఈ సరస్సు ప్రాచీనమైనది. రెండవ పులకేశి కాలపు ఐహోళె శాసనం (క్రీ.శ. 634) పేర్కొన్న కునాల జలం కొల్లేరేనని చరిత్రకారులు భావించారు. రాజులు వచ్చి పోయారు. సరస్సు తన పని తాను చేసుకుంటూనే ఉంది.

2. ఆనకట్టలు, సువార్త

1832–33 నాటి గుంటూరు కరువులో లెక్కలేనంతమంది మరణించిన తరువాత డెల్టాలకు నీరు ఇవ్వాలన్న ఆలోచన బలపడింది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది; బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది. కరువు సీమ అన్నపూర్ణ అయింది. కాటన్ దొరను మన సంఘాలు కృతజ్ఞతతో స్మరించడం న్యాయమే.

సువార్త సేవ కూడా ఈ నీటి వెంటనే నడిచింది. చర్చి మిషనరీ సొసైటీ 1854లో ఏలూరులో కేంద్రాన్ని నెలకొల్పింది. కెనడియన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్రెయిగ్ 1880లో కొల్లేటి అంచునున్న ఆకివీడులో పని ఆరంభించాడు. డెల్టాలో మిషనరీలు కాలువల మీద పడవలలో ప్రయాణించి గ్రామాలను దర్శించారు. కనుక ఈ ప్రాంతపు సంఘ చరిత్రను నీటి చరిత్ర నుండి విడదీయలేము.

అయితే ఈ మేలుకు మరొక వైపు కూడా ఉంది. పొలాలకు పారిన నీరు మురుగు కాలువల ద్వారా పల్లానికి, అంటే కొల్లేటికి చేరింది. ఆ నీటితోపాటు ఒండ్రు, తరువాతి కాలంలో ఎరువులు, పురుగుమందులు, పట్టణాల మురుగు కూడా చేరాయి. కీడు తలపెట్టి చేసిన పని కాదు ఇది. మేలు చేసినప్పుడు సరస్సును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

3. చెరువుల కాలం

రెండవ మార్పు కూడా మేలు పేరుతోనే వచ్చింది. 1970ల మధ్యలో ప్రభుత్వం మత్స్యకారులైన వడ్డి కులస్థులకు, దళితులకు, ఇతర పేదలకు సహకార సంఘాలు ఏర్పరచి, సరస్సు గర్భంలో చేపల చెరువులు త్రవ్వుకొనేందుకు భూమి కేటాయించింది. కానీ గట్లు వేయడానికి, పిల్ల చేపలు, మేత కొనడానికి పెట్టుబడి కావాలి. అది పేదవాని యొద్ద లేదు. కాలక్రమంలో అనేక చెరువులు లీజుల రూపంలో పెట్టుబడిదారుల చేతికి వెళ్లాయి. కాగితం మీద సభ్యుడైనవాడు గట్టు మీద కావలివాడయ్యాడు.

శీలావతి, బొచ్చె చేపల పెంపకం లాభసాటి అయింది. తవుడు, చెక్క, కోళ్ల ఎరువు నీటిలో పడ్డాయి. గట్లు ప్రవాహానికి అడ్డుపడ్డాయి, గుర్రపుడెక్క అలుముకుంది. గడ్డి పరకల మధ్య గుడ్లుపెట్టే నాటు చేపలకు చోటు తగ్గింది. పూర్వం వలతోనో మావుతోనో రోజు గడుపుకొన్నవానికి పట్టుకోవడానికి సొంత నీరు లేకుండా పోయింది.

4. రక్షణ, దాని భారం

1999లో ప్రభుత్వం వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో 901 చదరపు కిలోమీటర్ల కొల్లేరు ప్రాంతం రాంసార్ ఒడంబడిక జాబితాలో చేరింది. అయినా చెరువులు ఆగలేదు. చివరకు 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో వేలాది ఎకరాల చెరువుల గట్లను తెగగొట్టారు.

సరస్సుకు అది అవసరమే. కాని భారం అందరిపై సమానంగా పడలేదు. పెట్టుబడిదారుడు మరొక చోట చెరువు వేసుకోగలిగాడు. లీజు సొమ్ము మీద, చెరువు కూలి మీద బ్రతికిన కుటుంబాలకు మరో దారి లేదు. ఆ బాధను చూపించి 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడవ కాంటూరుకు కుదించమని తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 2011లో కుదించవద్దని సిఫారసు చేసింది. పేదవాని పేరు చెప్పి సరిహద్దు జరిపితే, ఆ జరిగిన నేలను మరల ఎవరు అనుభవిస్తారో మొదటి కేటాయింపుల చరిత్రే చెబుతుంది.

5. వాక్యపు వెలుగులో

సృష్టి వృత్తాంతంలో ఫలించి అభివృద్ధి పొందుమనే ఆశీర్వాదం మొదట చేపలకు, పక్షులకు ఇవ్వబడింది, మానవునికి ఇవ్వబడినది ఆ తరువాతనే (ఆది. 1:22, 28). కనుక కొల్లేటి కొరమీనుకు, గూడబాతుకు నీటి మీద ఉన్న హక్కు మనం దయతో ఇచ్చినది కాదు.

కొల్లేటి చరిత్రకు మరింత దగ్గరగా ఉన్నది యెహెజ్కేలు 34:17–22. అక్కడ ప్రవక్త చెడ్డ కాపరులను ఖండించిన తరువాత మందలోని బలిసిన గొర్రెల వైపు తిరుగుతాడు. అవి నీళ్లు త్రాగినందుకు తీర్పు పొందలేదు. త్రాగి, మిగిలినదానిని కాళ్లతో కలక చేసి బలహీనమైనవాటికి వదిలినందుకు తీర్పు పొందాయి. నీటిని పాడుచేయడం, పొరుగువానికి అన్యాయం చేయడం ఇక్కడ రెండు పాపాలు కావు, ఒక్కటే. సరస్సును కాపాడేవారు ఒక పక్షం, పేదలను కాపాడేవారు మరొక పక్షం అనే విభజనకు ఈ వాక్యం తావివ్వదు.

ముగింపు

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని అనేక కాలనీలు రోజుల తరబడి నీట మునిగాయి. బుడమేటి నీరు సహజంగా చేరవలసింది కొల్లేటికే. ఏరుకు దారి, సరస్సుకు చోటు లేకపోతే వరద పేదల ఇండ్లలోకి వస్తుందని ఆ దినాలలో సహాయం పంచిన మన సంఘాలు కన్నులారా చూశాయి.

కొల్లేటి గ్రామాలలో సేవచేసే కాపరికి ఈ చరిత్ర ఒక బాధ్యతను అప్పగిస్తుంది. ఆయన సంఘంలో గట్టు మీద కాపలా కాసేవాడు ఉంటాడు, కొన్నిచోట్ల చెరువు లీజుకు తీసుకొన్నవాడూ ఉంటాడు. ఇద్దరూ ఒకే బల్ల యొద్ద రొట్టె విరుస్తారు. పంట కోత పండుగనాడు ఆనకట్ట కొరకు కృతజ్ఞత చెల్లించే సంఘం, ఆ నీటి చివర ఉన్న సరస్సు కొరకు, దాని మీద బ్రతికినవారి కొరకు లెక్క అప్పగించడం కూడా నేర్చుకోవాలి. గృహనిర్వాహకునికి మేలును జ్ఞాపకముంచుకోవడం ఎంత అవసరమో, నష్టాన్ని లెక్క వ్రాయడం కూడా అంతే అవసరం.